వెనక్కి తిరగడానికి రెండు కిలోమీటర్లు కావాలి

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం వస్తోంది. శ్రీకాకుళం జిల్లాలో పలాస, మందస వైపు మరొకటి కట్టాలన్న ప్రతిపాదన ఉంది. 2024 జూన్ నుంచి దేశ పౌర విమానయాన శాఖను చూస్తున్న కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీయే. అందుకే ఉత్తరాంధ్రలో విమానాల ఊసు వస్తే మాట రన్‌వే మీదికో, భూసేకరణ మీదికో, ఉద్యోగాల మీదికో పోతుంది. పెద్ద విమానాశ్రయం వచ్చిన చోటికి దాని వెనకే చిన్న విమానాలు కూడా వస్తాయన్న సంగతి మాత్రం చర్చలోకి రావడం లేదు. చార్టర్లు వస్తాయి, శిక్షణ విమానాలు వస్తాయి, అరకు మీదుగా తిప్పి చూపిస్తామనే హెలికాప్టర్లు వస్తాయి. ఎన్నికల సభలకు, తుపాను తర్వాత ఏరియల్ సర్వేలకు హెలికాప్టర్లు తిరగడం ఈ జిల్లాలకు ఇప్పటికే అలవాటు.

ఈ చిన్నవాటి ప్రమాదాల్లో ఒక రకం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినది. అందులో ఇంజిన్ ఆగదు, ఇంధనం అయిపోదు, రెక్క విరగదు. పైలట్ ఆరోగ్యంగానే ఉంటాడు. బయట ఏమీ కనిపించకుండా పోతుంది, అంతే. కాసేపటికి విమానం కొండను కొడుతుంది, లేదా అదుపు తప్పి నేలమీద పడుతుంది. తక్కువ విజిబిలిటీలో, అంటే బయట కనిపించే దూరం తగ్గినప్పుడు జరిగే చిన్న విమానాల ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండొంతులు ప్రాణాలు తీస్తాయని అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఎన్నోసార్లు హెచ్చరించింది. చిన్న విమానాల మిగతా ప్రమాదాల్లో చాలావాటి నుంచి మనుషులు దెబ్బలతో బయటపడతారు. ఈ రకంలో అలా బయటపడేవాళ్లు తక్కువ, ఎందుకంటే విమానం పూర్తి వేగంతో వెళ్లి ఢీకొంటుంది.

ఆకాశంలో ఎగరడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి కంటితో చూసి నడపడం. నేల, కొండలు, దిగంతరేఖ కనిపిస్తూ ఉండాలి. దీన్ని వీఎఫ్‌ఆర్ అంటారు. రెండోది కాక్‌పిట్‌లోని పరికరాలను మాత్రమే నమ్ముకుని, నేలమీది విమాన నియంత్రణ కేంద్రం (ఏటీసీ) చెప్పిన ఎత్తులో, ముందే గీసిన దారిలో నడపడం. ఇది ఐఎఫ్‌ఆర్. పెద్ద జెట్‌లు రెండో పద్ధతిలో వెళ్తాయి. వాటికి ఇద్దరు పైలట్లు, వెదర్ రాడార్, ఆటోపైలట్ ఉంటాయి, రన్‌వే దాకా దారి చూపే సంకేతాలు అందుతాయి. చిన్న హెలికాప్టర్లు, శిక్షణ విమానాలు ఎక్కువగా మొదటి పద్ధతిలో ఎగురుతాయి. మన దేశ నిబంధనల ప్రకారం 10,000 అడుగుల కింద వీఎఫ్‌ఆర్‌లో వెళ్లే విమానానికి సాధారణంగా 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి. మబ్బుకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగులు ఎడంగా ఉండాలి. సూర్యాస్తమయం దాటి 20 నిమిషాల తర్వాత నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు వీఎఫ్‌ఆర్‌లో ఎగరకూడదు. హెలికాప్టర్లకు, ప్రత్యేక అనుమతులున్న చోట్ల ఈ దూరాలు కొంత తగ్గుతాయి.

ఆ 5 కిలోమీటర్లు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. నాలుగు సీట్ల సెస్నా విమానం గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు 55 మీటర్ల పైచిలుకు. 5 కిలోమీటర్లు కనిపిస్తుంటే ఎదురుగా ఉన్న కొండకూ విమానానికీ మధ్య తొంభై సెకన్ల వ్యవధి ఉంటుంది. విజిబిలిటీ 1,500 మీటర్లకు పడిపోతే ఆ వ్యవధి 27 సెకన్లు. ఇక వెనక్కి తిరుగుదామనుకుంటే, పైలట్లకు నేర్పే మామూలు మలుపు సెకనుకు మూడు డిగ్రీలు. పూర్తిగా వెనక్కి తిరగడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో విమానం గీసే అర్ధవృత్తం వెడల్పు రెండు కిలోమీటర్లకు పైనే. అంటే కనిపించే దూరం కంటే తిరగడానికి కావాల్సిన జాగా ఎక్కువ. లోయ వెడల్పు రెండు కిలోమీటర్ల లోపైతే అక్కడ మామూలు మలుపుతో వెనక్కి రావడం కుదరదు. నిట్టనిలువుగా ఒరిగి గట్టిగా తిప్పాలి. నేలకు దగ్గరగా, తక్కువ వేగంలో అలా తిప్పితే రెక్కల మీద గాలి పట్టు తప్పి విమానం అక్కడే కూలవచ్చు. లోయలోకి దూరాక ఆలోచిద్దామనుకునే పైలట్ చేతిలో అప్పటికి ఏమీ మిగలదు.

హెలికాప్టర్ వేగం తగ్గించుకోగలదు కదా అనిపించవచ్చు. తగ్గించుకోగలదు, నేల కనిపిస్తున్నంత వరకు. మబ్బులో వేగం తగ్గిస్తే హెలికాప్టర్‌ను నిలకడగా పట్టుకోవడం ఇంకా కష్టం. చిన్న సింగిల్ ఇంజిన్ హెలికాప్టర్లలో చాలావాటికి ఆటోపైలట్ ఉండదు.

ఉత్తరాంధ్ర నేల తీరు ఈ లెక్కను మరింత కఠినం చేస్తుంది. ఇక్కడ సముద్రానికీ తూర్పు కనుమలకూ మధ్య ఉన్నది సన్నటి మైదానం. విజయనగరం నుంచి సాలూరు దాకా చిన్న విమానానికి పావుగంట ప్రయాణం. అక్కడితో మైదానం అయిపోయి ఘాట్ మొదలవుతుంది. అరకు, అనంతగిరి వైపు 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. మందస నుంచి కనిపించే మహేంద్రగిరి ఒడిశా గడ్డ మీద ఉన్నా దాని 1,501 మీటర్ల ఎత్తు శ్రీకాకుళం ఆకాశానికి సంబంధించిన విషయమే. సముద్రం మీంచి వచ్చే తేమగాలి ఈ కొండలను తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మబ్బవుతుంది. తీరంలో ఎండ కాస్తున్న వేళ కొండలు మబ్బులో మునిగి ఉండటం పార్వతీపురం వాళ్లకు, పాలకొండ వాళ్లకు రోజూ కనిపించే సంగతే.

మబ్బు ఎంత ఎత్తున మొదలవుతుందో పైలట్లు ఉజ్జాయింపుగా కట్టే లెక్క ఒకటుంది. గాలి ఉష్ణోగ్రతకూ, డ్యూ పాయింట్‌కూ, అంటే గాలిలోని తేమ నీటిబొట్టుగా మారే ఉష్ణోగ్రతకూ తేడా చూసి, ఒక్కో డిగ్రీకి 400 అడుగులు వేసుకుంటారు. వానాకాలంలో ఒక ఉదయం ఉష్ణోగ్రత 28, డ్యూ పాయింట్ 24 ఉన్నాయనుకుంటే తేడా నాలుగు. మబ్బు అడుగు 1,600 అడుగుల దగ్గర, అంటే 500 మీటర్లకు కాస్త తక్కువలో ఉంటుంది. గజపతినగరం దగ్గర ఎగిరే పైలట్‌కు తల పైన మబ్బు, కింద పొలాలు, ముందు దారి స్పష్టంగా కనిపిస్తాయి. అదే మబ్బు కొండల దగ్గరికి వచ్చేసరికి వాటి నడుముకు తగులుతుంది. మబ్బు ఎత్తు మారలేదు, నేలే పైకి లేచింది. మబ్బు కిందినుంచే దూరిపోదామని ఎత్తు తగ్గించుకుంటూ వెళ్లేవాడికి పైన మబ్బు, కింద లేస్తున్న నేల రెండూ దగ్గరవుతూ వస్తాయి. కరెంటు తీగలు, సెల్ టవర్లు కూడా ఆ మధ్యలోనే ఉంటాయి.

కాలాన్ని బట్టి ప్రమాదం రూపు మారుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో నాగావళి, వంశధార, గోస్తని పరీవాహకాల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. ఎండెక్కితే పోతుందిలే అనుకుంటారు. కానీ నేలను వదిలిన మంచు ఒక్కోసారి తక్కువ ఎత్తులో పరుచుకున్న మబ్బుగా నిలిచి, మైదానం తేటపడినా కొండలను వదలదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కొండల మీదుగా కారుమబ్బులు దిగుతాయి. వాటికి ముందు నడిచే ఈదురుగాలి మబ్బుకు కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఎండలోనే విమానాన్ని పట్టుకోగలదు. వానాకాలంలోనూ, అల్పపీడనాల వేళా రోజుల తరబడి తక్కువ ఎత్తు మబ్బే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని తాకాయి. అలాంటి తుపానుల మర్నాడు నాయకులు, అధికారులు గాలిలోంచి నష్టం చూడాలనుకుంటారు. వాతావరణం ఇంకా పూర్తిగా కుదుటపడని సమయం కూడా అదే.

మబ్బు లేకుండా కూడా ఈ ప్రమాదం రావచ్చు. కళింగపట్నం, భావనపాడు తీరంలో కొన్ని సాయంత్రాలు సముద్రం ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియనంత మసక కమ్ముతుంది. దిగంతరేఖ మాయమవుతుంది. 1999 జులై 16 రాత్రి అమెరికాలో మాజీ అధ్యక్షుడి కుమారుడు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ నడిపిన చిన్న పైపర్ విమానం అట్లాంటిక్‌లో కూలి ముగ్గురు చనిపోయింది అలాంటి మసకలోనే. యంత్రంలో లోపమేమీ దొరకలేదు. చీకట్లో నీటిమీద దిశాభ్రాంతికి లోనై అదుపు కోల్పోయాడని దర్యాప్తు తేల్చింది.

కళ్లు పోతే చెవి అబద్ధం చెబుతుంది

దిశాభ్రాంతి అంటే కంగారుపడి దారి మరచిపోవడం కాదు. అది శరీరం చేసే మోసం. చెవి లోపల అర్ధవర్తుల కుల్యలనే మూడు సన్నటి గొట్టాలున్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కాస్త వెనకబడి, గొట్టాల్లోని సన్నటి రోమాలను వంచుతుంది. దాంతో మనం తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. ఒకే వేగంతో ఓ ఇరవై సెకన్లు తిరిగితే ద్రవం కూడా అదే వేగం అందుకుంటుంది, రోమాలు నిటారుగా నిలబడతాయి, తిరుగుతున్న భావన పోతుంది. ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగి ఒక్కసారి ఆగితే లోకమంతా ఎదురు దిక్కున తిరిగేది ఇందుకే. ఆగిన పిల్ల కళ్లతో నేలను, గోడను చూసుకుని సర్దుకుంటుంది. మబ్బులో ఉన్న పైలట్‌కు చూసుకోవడానికి నేలా లేదు, గోడా లేదు.

మబ్బులో చిన్న విమానం మెల్లగా ఒక పక్కకు ఒరగడం మొదలుపెడితే చెవికి తెలియదు. విమానం తిన్నగా వెళ్తోందనే పైలట్ అనుకుంటాడు. ఒరిగిన విమానం మలుపు తిరుగుతూ, ముక్కు దించుకుంటూ, వేగం పెంచుకుంటుంది. ఎత్తు తగ్గుతోందని మీటరు చూపిస్తుంది. తిన్నగా ఉన్నాననుకున్న పైలట్ ముక్కు పైకెత్తడానికి కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. ఒరిగి ఉన్న విమానాన్ని అలా లాగితే పైకి లేవదు, మలుపు ఇంకా బిగుస్తుంది. సుడి తిరుగుతూ కిందికి పోతుంది. పైలట్ల భాషలో దీన్ని ‘గ్రేవ్‌యార్డ్ స్పైరల్’ అంటారు. ఒకవేళ విమానం ఎటు ఒరిగిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ అనే పరికరాన్ని చూసి రెక్కలను సరిచేశాడనుకుందాం. వెంటనే చెవి, రెండో పక్కకు ఒరిగిపోతున్నావని అరుస్తుంది. కనిపిస్తున్న పరికరాన్ని నమ్మాలా, ఒళ్లంతా చెబుతున్నదాన్ని నమ్మాలా అన్న పోరాటం అక్కడ మొదలవుతుంది. పరికరాలతో నడిపే అభ్యాసం తాజాగా లేనివాడు ఎక్కువగా ఒంటి మాటే వింటాడు.

ఎంతసేపట్లో ఇదంతా జరుగుతుంది? 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. పరికరాలతో నడపడం నేర్చుకోని ఇరవై మందిని తీసుకుని, బయటి దృశ్యం కనిపించకుండా చేశారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. తొందరగా కోల్పోయినవాడికి 20 సెకన్లు పట్టింది, ఎక్కువసేపు నిలిచినవాడికి 480 సెకన్లు. సగటు 178 సెకన్లు, మూడు నిమిషాలు కూడా కాదు. ఈ 178 అంకెను ప్రపంచమంతా చెప్పుకుంటారు. అదే అధ్యయనంలోని రెండో సగాన్ని ఎవరూ అంతగా చెప్పరు. అక్కడి పరిశోధకులు తెలుసుకోవాలనుకున్నది అలాంటి పైలట్‌కు వెనక్కి తిరిగి బయటపడటం నేర్పవచ్చా అని. వేగం తగ్గించి, కంట్రోల్‌ను గట్టిగా పట్టుకోకుండా, మెల్లగా 180 డిగ్రీలు తిరిగే పద్ధతిని కొద్ది గంటలు నేర్పాక అదే మనుషులు మబ్బులోంచి బయటపడగలిగారు. అంటే ఇది నేర్పితే వచ్చే విద్య. నేర్చుకున్నది మరచిపోకుండా తరచూ సాధన చేయించడమే ముఖ్యం.

అయితే నేర్చినవాళ్లు కూడా పోయారు. ఆ మాట దాచకుండా చెప్పుకోవాలి.

2009 సెప్టెంబరు 2 తెలుగువాళ్లెవరూ మరచిపోయిన తేదీ కాదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి ఉదయం 8.38కి బెల్ 430 హెలికాప్టర్‌లో చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. నల్లమల మీద ఆ రోజు దట్టమైన మబ్బు, వాన. గంట తిరగకముందే హెలికాప్టర్ అడవిలో కూలింది. ఆయనతోపాటు మరో నలుగురు మరణించారు. ఎక్కడ పడిందో తెలియడానికి మర్నాడు ఉదయం దాకా పట్టింది. అది రెండు ఇంజిన్ల యంత్రం, నడిపింది ఇద్దరు అనుభవజ్ఞులు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి వచ్చిన ఒక హెచ్చరిక మీద పైలట్ల దృష్టి చివరి నిమిషాల్లో నిలిచిపోయిందని, ఆ లోపు హెలికాప్టర్ మబ్బుల్లో ఉందని, బలంగా కిందికి తోసే గాలిలో చిక్కి అదుపు తప్పిందని దర్యాప్తు కమిటీ చెప్పింది. కాక్‌పిట్‌లో ఒక చిన్న సమస్యకు జవాబు వెతకడానికి ఎంత సమయం ఉంటుందో బయట కనిపించే దూరమే నిర్ణయిస్తుంది. తేట ఆకాశంలో ఆ హెచ్చరిక వచ్చి ఉంటే మాన్యువల్ తిరగేసే తీరిక ఉండేది.

2021 డిసెంబరు 8న త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న ఎంఐ-17 వీ5 హెలికాప్టర్ సూలూరు నుంచి వెల్లింగ్టన్ వెళ్తూ కూనూరు దగ్గర కూలింది. అందులో ఉన్న 14 మందిలో ఎవరూ మిగల్లేదు. యంత్ర లోపం, విద్రోహం, నిర్లక్ష్యం ఏవీ కారణం కావని, లోయలో వాతావరణం అనుకోకుండా మారడంతో హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లిందని, పైలట్ దిశాభ్రాంతికి లోనవడంతో అదుపులో ఉన్న యంత్రమే కొండను ఢీకొందని 2022 జనవరిలో వైమానిక దళం వెల్లడించింది. కొండలు, మైదానం కలిసే చోటు నీలగిరుల్లో ఉన్నట్టే సాలూరులోనూ ఉంది. ఆ నివేదికను ఉత్తరాంధ్రలో ఎగిరే ప్రతి హెలికాప్టర్ ఆపరేటరూ తన ప్రాంతం గురించి రాసినట్టే చదువుకోవాలి.

శిక్షణ విమానాల సంగతీ అంతే. 2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా బంట్వారం మండలంలో ఒక సెస్నా పొలాల్లో పడి ఇద్దరు ట్రైనీ పైలట్లు చనిపోయారు. ఆ వేళ అక్కడ భారీ వాన.

నిర్ణయం ఎక్కడ జరుగుతుంది

ఇన్ని తెలిసి కూడా ముందుకే ఎందుకు వెళ్తారు? బయటివాళ్లకు ఇది పొగరుగానో, మూర్ఖత్వంగానో కనిపిస్తుంది. దర్యాప్తు నివేదికలు చదివితే అలా అనిపించదు. అమెరికాలో 2020 జనవరి 26న బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన పదమూడేళ్ల కుమార్తె, మరో ఏడుగురు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఆ ఉదయం లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ పొగమంచు వల్ల తన హెలికాప్టర్లను ఎగరనివ్వలేదు. అదే నగరంలో, అదే గంటల్లో ఈ పైలట్ బయల్దేరాడు. ఆయనకు 8,500 గంటలకు పైగా అనుభవం ఉంది. పరికరాలతో నడపడానికి లైసెన్సు ఉంది, ఇతరులకు నేర్పే అర్హత కూడా ఉంది. కొండల దగ్గర మబ్బు కమ్మాక 4,000 అడుగులకు ఎక్కుతున్నానని ఏటీసీకి చెప్పాడు. అప్పటికే హెలికాప్టర్ ఎడమకు ఒరిగి వేగంగా కిందికి దిగుతోంది. పైకి వెళ్తున్నానని ఆయన నిజంగానే నమ్మాడు.

ఎన్‌టీఎస్‌బీ తన నివేదికలో రెండు మాటలు రాసింది. తనకు బాగా తెలిసిన ప్రయాణికుడిని గమ్యానికి చేర్చాలని పైలట్ తనమీద తానే పెట్టుకున్న ఒత్తిడి ఒకటి. అనుకున్న ప్రణాళికను మార్చుకోలేని మనసు రెండోది. ప్రయాణికుడు ఒత్తిడి చేసినట్టు ఆధారం లేదు. ఎవరూ అడగకుండానే పైలట్ ఆ బరువు మోశాడు.

మన దగ్గర ఆ బరువు ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. కాలేజీ మైదానంలో సున్నంతో హెచ్ గుర్తు వేసి ఉంటుంది. ఫైరింజన్ నిలబడి ఉంటుంది. పోలీసు బందోబస్తు, పూలదండలు, మైకులో ‘మరికొద్ది నిమిషాల్లో’ అన్న ప్రకటన, ఎండలో పొద్దుటి నుంచి కూర్చున్న వేలమంది. ఆ సభ తర్వాత మరో రెండు సభలున్నాయి. హెలికాప్టర్‌లో వెనక కూర్చున్నవారు ఏమీ అనక్కర్లేదు, ఒకసారి వాచీ చూసుకుంటే చాలు. మబ్బు చూసి వెనక్కి తిరిగిన పైలట్‌కు ఆ రోజు దండ పడదు, ‘ఇంత చిన్న మబ్బుకే’ అనే మాట పడుతుంది. తిరిగి రావడం వల్ల మిగిలిన ప్రాణాలు ఏ లెక్కలోకీ రావు, ఎందుకంటే ఏమీ జరగలేదు కదా. ఈ అన్యాయాన్ని మార్చకుండా పైలట్లకు ఎన్ని సర్క్యులర్లు పంపినా ప్రయోజనం తక్కువ. 1962 నుంచి కోరుకొండ సైనిక్ స్కూల్ ఈ ప్రాంతపు పిల్లలను సైన్యంలోకి, వైమానిక దళంలోకి పంపుతోంది. ఇక్కడి ఇళ్లల్లో పైలట్ అంటే ధైర్యానికి మారుపేరు. ఆ గౌరవం తగినదే. వెనక్కి తిరిగిన పైలట్‌కు కూడా అదే గౌరవం దక్కాలి.

సముద్రం మీద ఇదే జనం ఇంకోలా ప్రవర్తిస్తారు. కళింగపట్నం రేవులో హెచ్చరిక నంబరు ఎగరేస్తే, వేటకు వెళ్లొద్దని విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం చెబితే, ఒడ్డున ఆగిన మత్స్యకారుడిని పిరికివాడని ఎవరూ అనరు. వెళ్లొద్దన్న మాట అతని నోటినుంచి రానక్కర్లేదు. బయటినుంచి, అందరికీ ఒకేలా వస్తుంది. ఎన్నికల సభకు వెళ్లే హెలికాప్టర్ విషయంలో ఆ మాట చాలాసార్లు ఒక్క మనిషి నోటినుంచే రావాలి, అదీ తనకు జీతమిచ్చేవాళ్ల ఎదుట. ఇంత విజిబిలిటీ కంటే తగ్గితే, మబ్బు ఇంత కంటే కిందికి దిగితే ఎగరం అని ఆపరేటర్ ముందే కాగితం మీద రాసి, బుకింగ్ రోజునే ప్రయాణికుల చేతికిస్తే ఆ బరువు పైలట్ ఒక్కడి మీద పడదు.

హెలికాప్టర్‌కు విమానానికి లేని వరం ఒకటుంది, ఎక్కడైనా దిగగలదు. శ్రీకాకుళం, విజయనగరం మైదానంలో కోత అయిన మడి, స్కూలు మైదానం, చెరువు గర్భంలో ఎండిన నేల ఎన్నో దొరుకుతాయి. ముందు దారి మూసుకుపోతోందని అనుమానం రాగానే అలా దిగి అరగంట ఆగితే మబ్బు విడిపోవచ్చు, లేదా కారు పిలిపించుకోవచ్చు. అయినా చేయరు. ప్రముఖుడిని అనుకోని చోట దింపితే భద్రత ఎవరిది, జనం మూగితే ఎలా, రేపు పత్రికల్లో ‘తప్పిన పెను ప్రమాదం’ అని రాస్తారేమో అన్న భయాలు అడ్డుపడతాయి. ఆ శీర్షిక రాసే ముందు పత్రికలు కూడా ఒక్క క్షణం ఆగాలి. ముందుజాగ్రత్తగా దిగిన హెలికాప్టర్ ప్రమాదం తప్పించుకున్నది కాదు, ప్రమాదాన్ని దగ్గరికే రానివ్వనిది.

కొండల దగ్గర కన్ను లేదు

పైలట్ నిర్ణయం ఎంత మంచిదైనా దానికి సమాచారం కావాలి. విశాఖ విమానాశ్రయం నుంచి వాతావరణ నివేదికలు ఎప్పటికప్పుడు వస్తాయి. కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉంది. కళింగపట్నంలో వాతావరణ కేంద్రం ఉంది. ఇవన్నీ తీరం వెంట ఉన్నవే. రాడార్ వాన చినుకులను బాగా పట్టుకుంటుంది. వాన కురవని పల్చటి మబ్బు, కొండ మీద కూర్చున్న మంచు దానికి సరిగా కనిపించవు. చంపేది ఎక్కువగా ఆ మబ్బే. విశాఖలో 6 కిలోమీటర్ల విజిబిలిటీ అని చదివి బయల్దేరిన పైలట్‌కు సాలూరు ఘాట్ మీద ఏముందో ఆ నివేదిక చెప్పదు.

ఇలాంటి చిక్కునే అలాస్కా ఎదుర్కొంది. అక్కడ రోడ్డు లేని ఊళ్లెన్నో, చిన్న విమానమే వాటికి బస్సు. కొండ కనుమల్లో ప్రమాదాలు ఎక్కువగా జరిగేవి. అమెరికా విమానయాన శాఖ 1999 నుంచి ఆ కనుమల్లో కెమెరాలు పెట్టడం మొదలుపెట్టింది. తేట రోజున అదే చోటు ఎలా ఉంటుందో చూపించే ఫొటో పక్కన ఇప్పటి ఫొటో పెడతారు. ఏ శిఖరం ఎంత దూరంలో ఉందో గుర్తులుంటాయి. మూడో శిఖరం కనిపించకపోతే విజిబిలిటీ ఎంతో పైలట్‌కు నేలమీదే అర్థమవుతుంది. బయల్దేరాక వెనక్కి తిరగడం కంటే బయల్దేరకుండా ఆగడం మనిషికి తేలిక. అంకెల కంటే బొమ్మ ఆ పని త్వరగా చేయిస్తుంది.

సాలూరు, అనంతగిరి ఘాట్ల మీద, పాలకొండ కొండల వైపు, మందస నుంచి మహేంద్రగిరి కేసి అలాంటి కెమెరాలు పెట్టడం భోగాపురంలో అవుతున్న ఖర్చు ముందు లెక్కలోకి రాదు. వాటితోపాటు ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, గాలి కొలిచే ఆటోమేటిక్ స్టేషన్లుంటే ఘాట్ రోడ్డు బస్సులకు, ఏజెన్సీ అంబులెన్సులకు కూడా ఉపయోగం. అరకు హెలికాప్టర్ టూరిజం మొదలయ్యే నాటికి ఇవి ఉండాలి. లేకపోతే కేదార్‌నాథ్ అనుభవమే ఇక్కడా ఎదురవుతుంది. 2022 అక్టోబరు 18న అక్కడ పొగమంచులో ఒక హెలికాప్టర్ కొండను ఢీకొని ఏడుగురు పోయారు. 2025 జూన్ 15 తెల్లవారుజామున గౌరీకుండ్ దగ్గర మరొకటి కూలి ఇంకో ఏడుగురు పోయారు. సర్వీసులు నిలిపి నియమాలు బిగించింది ఆ తర్వాతే. రోజుకు ఇన్ని ట్రిప్పులు వేస్తేనే గిట్టుబాటు అనే వ్యాపారంలో మబ్బు విడిపోయే దాకా ఆగడం నష్టంగా కనిపిస్తుంది. టికెట్ డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చే నియమం మొదటి రోజు నుంచే ఉంటే ప్రయాణికులు ఎప్పుడు ఎక్కిస్తారని కౌంటర్ దగ్గర గొడవపడరు.

ఇక ప్రభుత్వ కార్యక్రమాలు, ఎన్నికల పర్యటనల మాట. హెలిప్యాడ్ కోసం కలెక్టరేట్ నుంచి వెళ్లే ఉత్తర్వుల్లో అగ్నిమాపక యంత్రం, అంబులెన్సు, బారికేడ్లు అన్నీ ఉంటాయి. వాటితోపాటు హెలికాప్టర్ రాకపోతే రోడ్డు మీద ఏ వాహనం, ఏ దారిన, ఎన్ని గంటలకు అన్న వివరం కూడా ఉండాలి. విశాఖ నుంచి శ్రీకాకుళానికి జాతీయ రహదారి మీద రెండు, రెండున్నర గంటల దారి. సభను ఆ మేరకు వెనక్కి జరిపితే సరిపోతుంది. ఆ కారు సిద్ధంగా ఉందని, కావాలంటే అందులోనే వెళ్తామని వెనక సీటులో కూర్చోబోయేవారు హెలికాప్టర్ ఎక్కే ముందే పైలట్‌తో స్వయంగా చెప్పాలి.